గడియారం చూసి మూత్రాశయం ఖాళీ చేయడం: సొంతంగా కాథెటర్ వాడటం మొదలుపెట్టేవారికి

వెన్నుపాముకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేముందు నేర్పవలసిన పనుల్లో మూత్రం తీసుకోవడం ఒకటి. సన్నని ట్యూబును తన చేత్తో తానే లోపలికి పంపి, మూత్రాశయాన్ని ఖాళీ చేసి, వెంటనే ట్యూబును బయటికి తీసేయాలి. రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఇలా చేయాలి. ఈ పద్ధతి పూర్తి పేరు క్లీన్ ఇంటర్మిటెంట్ సెల్ఫ్ కాథెటరైజేషన్. వార్డుల్లో సి.ఐ.సి. అంటారు. షుగర్ ముదిరి నరాలు మొద్దుబారినవారికి, పుట్టుకతోనే వెన్నెముక సరిగా మూసుకోని స్పైనా బైఫిడా పిల్లలకు, మల్టిపుల్ స్క్లిరోసిస్ వంటి నరాల జబ్బులున్నవారికి, కొన్ని ఆపరేషన్ల తరవాత మూత్రం ఆగిపోయినవారికి కూడా దీన్ని నేర్పుతారు.

మొదటిసారి ఈ మాట వినగానే దాదాపు అందరికీ రెండు భయాలు కలుగుతాయి. ఒకటి నొప్పి, రెండోది ఇన్‌ఫెక్షన్. నొప్పి భయం వారం పది రోజుల అభ్యాసంతో చాలావరకు తగ్గుతుంది. ఇన్‌ఫెక్షన్ భయమే మనిషిని తప్పు దారి పట్టిస్తుంది. ‘ట్యూబు పెట్టిన ప్రతిసారీ క్రిములు లోపలికి పోతాయి కదా, అందుకని వీలైనన్ని తక్కువసార్లు పెడదాం’ అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కిడ్నీలు దెబ్బతినే దారి అదే.

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన ఉన్న ఉప్పళంలో ఒక ఇల్లు అనుకుందాం. యానాం నుంచి వైద్యానికి వచ్చిన తెలుగు కుటుంబం అక్కడి చుట్టాలింట్లో దిగింది. ఆ ఇంటి అబ్బాయికి ప్రమాదంలో వెన్ను దెబ్బతింది. జిప్‌మర్ ఆసుపత్రి ఊరికి మరో వైపున, గోరిమేడులో ఉంది. అక్కడ సిస్టర్ రెండుసార్లు చేసి చూపించింది, మూడోసారి అతని చేతే చేయించింది. ఆమె మాట తమిళం, వీరిది తెలుగు. నాలుగోసారి మాత్రం ఈ ఇంట్లోనే, ఆమె పక్కన లేకుండా జరగాలి. ఆ నాలుగోసారికి ముందు తెలిసి ఉండవలసిన సంగతులు ఇక్కడ చెప్పుకుందాం. డాక్టరు పరీక్షించకుండా, సిస్టర్ దగ్గర చేతితో నేర్చుకోకుండా, కేవలం చదివి మాత్రం ఎవరూ దీన్ని మొదలుపెట్టకూడదు.

నిండితే ఏమవుతుంది

కిడ్నీల్లో తయారైన మూత్రం రెండు మూత్రనాళాల ద్వారా కిందికి దిగి మూత్రాశయంలో చేరుతుంది. అక్కడి నుంచి బయటికి వచ్చే దారిని ప్రసేకం అంటారు. మూత్రాశయం కండరంతో చేసిన సంచి. దాని కింద దారిని బిగించి ఉంచే వలయ కండరం ఉంటుంది. మామూలుగా పెద్దవారిలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు నిండేసరికి గట్టిగా మూత్రం వస్తున్నట్టు తెలుస్తుంది. మనం వెళ్లి కూర్చోగానే సంచి ముడుచుకుంటుంది, అదే సమయంలో వలయం వదులవుతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసి జరగడానికి మెదడు కింది భాగం నుంచి వెన్నుపాము చివర దాకా నరాల సందేశాలు సరిగా నడవాలి.

వెన్నుపాము మధ్యలో తెగితే ఈ పొత్తు చెడిపోతుంది. కొందరిలో సంచి అసలు ముడుచుకోదు, ఊరికే సాగుతూ పోతుంది. మరికొందరిలో అంతకన్నా ప్రమాదకరమైనది జరుగుతుంది. సంచి ముడుచుకునే సమయానికే వలయం కూడా బిగుసుకుంటుంది. మూసిన గొట్టాన్ని పిండినట్టు లోపల ఒత్తిడి పెరుగుతుంది.

తమిళంలో ఉప్పళం అంటే ఉప్పు పండించే చోటు. ఉప్పు మడులు చూసినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. తూము సమయానికి ఎత్తకపోతే నీరు ఒక్క మడిలోనే ఉండిపోదు, వచ్చిన కాలవలోకే వెనక్కి ఎగదన్నుతుంది. మూత్రాశయంలో ఒత్తిడి పెరిగినా అంతే. మూత్రనాళాల్లోంచి దిగవలసిన మూత్రం దిగదు, కొందరిలో పైకి కూడా పోతుంది. కిడ్నీలు ఉబ్బుతాయి. స్పైనా బైఫిడా పిల్లలను గమనించి అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ మెగ్వైర్, ఆయన సహచరులు 1981లో ఒక కొలత చెప్పారు. మూత్రం కారడం మొదలయ్యేటప్పటికి మూత్రాశయంలో ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి మట్టాన్ని దాటి ఉంటే కిడ్నీలు దెబ్బతినే అవకాశం బాగా ఎక్కువ. ఇది పెద్ద ఒత్తిడేమీ కాదు. నిండిన బకెట్టు అడుగున ఉండే ఒత్తిడికి కాస్త పైన. కానీ కిడ్నీ నుంచి దిగే సన్నని ధారకు అదే గోడ కడుతుంది.

ఇది బయటికి కనబడదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. పక్క తడవకపోతే అంతా బాగున్నట్టే ఇంట్లోవారు అనుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి దాకా వెన్ను విరిగి బతికినవారిని తరవాత బలి తీసుకున్న ముఖ్య కారణాల్లో కిడ్నీ వైఫల్యం ఒకటి.

శుభ్రం చాలు, క్రిమిరహితం అక్కర్లేదు

ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్ను గాయాల విభాగాన్ని మొదలుపెట్టిన లుడ్విగ్ గుట్‌మన్ మూత్రాన్ని మధ్యమధ్య ట్యూబుతో తీసే పద్ధతిని పట్టుదలగా నడిపారు. పారాలింపిక్ క్రీడలకు మూలపురుషుడు కూడా ఆయనే. అయితే ఆయన పద్ధతిలో చేతికి తొడుగులు, క్రిమిరహిత పరికరాలు, ఆపరేషన్ థియేటర్‌లో ఉండేంత జాగ్రత్త ఉండాలి. ఆసుపత్రిలో సాగేది, ఇంట్లో సాగేది కాదు.

1972లో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడీస్, సహచరులు ప్రచురించిన వ్యాసం ఆ గొలుసును తెంచింది. సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన ట్యూబు చాలన్నారు. చాలామంది వైద్యులు ముందు నమ్మలేదు. లాపిడీస్ వాదన ఇది: క్రిమి లోపలికి వెళ్లినంత మాత్రాన జబ్బు రాదు. సంచి విపరీతంగా సాగినప్పుడు దాని గోడలకు రక్తం సరిగా అందదు, గోడకు ఉండే సహజ రక్షణ తగ్గుతుంది. అప్పుడే క్రిమి పాతుకుంటుంది. కాబట్టి సంచిని సాగనివ్వకుండా చూడటమే అసలు రక్షణ.

దీన్ని చిన్న లెక్కతో కూడా చూడవచ్చు. లెక్క తేలిక కోసం ఒక క్రిమి గంటకోసారి రెండవుతుందని అనుకుందాం. నాలుగు గంటల్లో 16 రెట్లవుతుంది. అప్పటికి సంచిలో 400 మి.లీ. మూత్రం ఉంది. దాన్ని 5 మి.లీ. తప్ప మొత్తం తీసేస్తే క్రిముల్లో 80వ వంతే మిగులుతాయి. 16 రెట్లు పెరిగినవి 80వ వంతుకు పడిపోతే, ప్రతి విడతకూ తగ్గుతూనే ఉంటాయి. అదే సంచిని సగమే ఖాళీ చేసి 200 మి.లీ. లోపల వదిలేస్తే? 16 రెట్లు పెరిగి సగం పోతే, ప్రతి విడతకూ ఎనిమిది రెట్లు మిగులుతాయి. ఇక నాలుగు గంటలకు బదులు ఎనిమిది గంటలు ఆగామనుకోండి. క్రిములు 256 రెట్లు, మూత్రం 800 మి.లీ. మళ్లీ 5 మి.లీ. మాత్రమే వదిలినా మిగిలేది 160వ వంతు. క్రిములదే పైచేయి.

నిజమైన శరీరంలో క్రిములు ఇంత లెక్క ప్రకారం పెరగవు, సంచి గోడలు కూడా వాటిని ఎదుర్కొంటాయి. అయినా లెక్క చెప్పే దిశ సరైనదే. ట్యూబుతో పాటు లోపలికి పోయిన నాలుగు క్రిముల కన్నా, వేళ దాటిపోవడమూ, లోపల మిగిలిపోవడమూ ఎక్కువ చేటు చేస్తాయి. చేతులు కడుక్కోవడానికి నీళ్లు దొరకలేదని ఒక పూట మానేసేవారు ఈ లెక్కను గుర్తు పెట్టుకోవాలి. శానిటైజర్ రాసుకుని చేయడం మానేయడం కన్నా ఎంతో మేలు.

మన పక్కనే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఉంది. చిత్తూరు జిల్లా నుంచి తెలుగువారు తరతరాలుగా వెళ్లే ఆసుపత్రి. అక్కడ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1966లో పునరావాస కేంద్రాన్ని మొదలుపెట్టారు. వెన్ను గాయం తగిలిన మనిషికి ప్రాణం నిలబెడితే సరిపోదు, ఇంటికెళ్లి బతకడం నేర్పాలి అన్న ఆలోచన దక్షిణాదిలో వేళ్లూనుకోవడంలో ఆ కేంద్రానిది పెద్ద పాత్ర.

ప్యాకెట్టు మీది అంకెలు

మందుల షాపులో అడిగితే ఇచ్చే మామూలు ట్యూబు పేరు నెలటాన్ కాథెటర్. ఫ్రెంచి సర్జన్ ఓగ్యుస్త్ నెలాటన్ పేరు అది. ప్యాకెట్టు మీద 12, 14 అని అంకె ఉంటుంది. ఆ కొలమానాన్ని ‘ఫ్రెంచ్’ అంటారు. పారిస్‌లో వైద్య పరికరాలు తయారుచేసిన షారియేర్ పెట్టిన కొలత కాబట్టి ఆ పేరొచ్చింది. ఒకప్పటి ఫ్రెంచి పట్టణంలో ఆ కొలతతో సరుకు కొనడం తమాషాగా ఉంటుంది. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. కాబట్టి 12 నంబరు ట్యూబు బయటి వ్యాసం 4 మి.మీ. పెద్దవారికి సాధారణంగా 12 లేదా 14 రాస్తారు, పిల్లలకు ఇంకా సన్ననివి. లావుది పెడితే త్వరగా అయిపోతుందని సొంతంగా నంబరు మార్చకండి.

బెలూన్ ఉండే ఫోలీ కాథెటర్ వేరు. అది రోజుల తరబడి లోపలే ఉండేది. ఈ పనికి కావలసింది బెలూన్ లేనిది. స్పైనా బైఫిడా పిల్లల్లో రబ్బరు అలర్జీ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వారికి లేటెక్స్ లేని ట్యూబు అడిగి తీసుకోవాలి.

జెల్లీ నీటిలో కలిసిపోయేదై ఉండాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె, వాజ్‌లీన్ రాయకూడదు. తడిపితే జారుడుగా మారే పూత ఉన్న ట్యూబులకు జెల్లీ అక్కర్లేదు, కానీ ధర ఎక్కువ.

మామూలు ట్యూబు ప్యాకెట్టు మీద 2 అంకెను అడ్డంగా కొట్టేసిన గుర్తు కనిపిస్తుంది. ఒకసారి వాడి పారేయమని దాని అర్థం. రోజుకు ఐదు చొప్పున నెలకు 150 ట్యూబులు. చాలా ఇళ్లకు ఇది మోయలేని ఖర్చు, అందుకే కడిగి మళ్లీ వాడటం మన దేశంలో మామూలు విషయం. ఈ మాటను డాక్టరు దగ్గర దాచవద్దు. దాస్తే సరిగా కడిగే పద్ధతి ఎవరూ నేర్పరు. వాడిన వెంటనే సబ్బు నీటితో లోపలా బయటా కడిగి, కుళాయి ధార కింద పెట్టి, నీరంతా దులిపి, గాలికి పూర్తిగా ఆరనిచ్చి, శుభ్రమైన పొడి డబ్బాలో పెట్టాలి. తడిగా మూత పెడితే లోపల క్రిములు పెరుగుతాయి. బిరుసెక్కినా, పగుళ్లు వచ్చినా, మసకబారినా పారేయాలి. ఒకరి ట్యూబు మరొకరు ఎన్నడూ వాడకూడదు.

చేసే పని

ముందుగా అన్నీ చేతికందేలా పెట్టుకోవాలి: ట్యూబు, జెల్లీ, కొలిచే మగ్గు, తడి గుడ్డ, అద్దం కావలసినవారికి అద్దం. సబ్బుతో వేళ్ల సందుల దాకా చేతులు కడుక్కోవాలి. గోళ్లు పొట్టిగా ఉండాలి. ట్యూబు పెట్టే చోటును సబ్బు నీటితో తుడవాలి. ఆడవారు ముందు నుంచి వెనక్కి తుడవాలి. మలద్వారం దగ్గరి క్రిములను ముందుకు తేకుండా ఉండటానికే ఈ నియమం.

మగవారిలో ప్రసేకం సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, పైగా వంపు తిరిగి ఉంటుంది. పురుషాంగాన్ని పైకి, పొట్ట వైపు ఎత్తి పట్టుకుంటే ఆ వంపుల్లో ఒకటి సరి అవుతుంది. ముందు చర్మాన్ని వెనక్కి లాగి, ట్యూబుకు జెల్లీ బాగా పట్టించి, నెమ్మదిగా పంపాలి. చాలావరకు పోయాక ఒకచోట ఆగినట్టు అనిపిస్తుంది. అది వలయ కండరం. కొత్తవారు భయపడేదీ, బలం ఉపయోగించేదీ ఇక్కడే. నెట్టవద్దు. ట్యూబును అలాగే పట్టుకుని, లోతుగా ఊపిరి తీసి వదలండి, ఒకసారి దగ్గండి. కొన్ని క్షణాల్లో కండరం వదులవుతుంది. మూత్రం రావడం మొదలయ్యాక మరో రెండు మూడు సెంటీమీటర్లు పంపాలి. పని అయ్యాక ముందు చర్మాన్ని తిరిగి యథాస్థానానికి తప్పకుండా తేవాలి. మరిచిపోతే అది వెనకే బిగిసి వాచిపోతుంది.

ఆడవారిలో దారి నాలుగు సెంటీమీటర్లే. ఇక్కడి కష్టం లోతు కాదు, చోటు కనిపెట్టడం. ప్రసేక ద్వారం యోని ద్వారానికి కాస్త పైన చిన్న గుంటలా ఉంటుంది. మొదట్లో అద్దంతో చూసుకుని, కొన్నాళ్లకు వేలితో తడిమి గుర్తుపట్టడం అలవాటవుతుంది. ట్యూబు పొరపాటున యోనిలోకి పోతే మూత్రం రాదు. అప్పుడు దాన్ని అక్కడే గుర్తుగా వదిలేసి, మరో శుభ్రమైన ట్యూబును దాని పైనున్న ద్వారంలో పెట్టాలి.

ధార ఆగగానే లాగేయకండి. ట్యూబును అంగుళం అంగుళంగా వెనక్కి తీస్తూ ఆగండి. చివర్లో మళ్లీ కాస్త వస్తుంది. పైన చూసిన లెక్కలో 5 మి.లీ. మిగలడానికీ, 50 మి.లీ. మిగలడానికీ తేడా ఈ అర నిమిషంలోనే ఉంది. పొత్తికడుపును చేత్తో గట్టిగా నొక్కి మూత్రం తెప్పించే పాత అలవాటును డాక్టరును అడగకుండా కొనసాగించవద్దు. వలయం బిగుసుకుని ఉన్నవారిలో ఆ నొక్కుడు ఒత్తిడిని కిడ్నీల వైపు పంపుతుంది.

మొదటి రోజుల్లో ఒకటి రెండు చుక్కల రక్తం కనబడవచ్చు. రక్తం ఆగకుండా వస్తున్నా, గడ్డలు పడుతున్నా, ట్యూబు ఎంతకీ పోకపోయినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

పుస్తకం, గడియారం

మొదటి రెండు వారాలు ఒక నోటు పుస్తకం ఉండాలి. ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు ఎంత తీశారు, మధ్యలో బట్ట తడిసిందా అన్నవి రాయాలి. ఈ పుస్తకం డాక్టరుకు స్కానింగ్ రిపోర్టంత పనికొస్తుంది.

ఒక విడతకు వచ్చేది 400, మరీ మించితే 500 మి.లీ. దాటకుండా చూడటం లక్ష్యం. రోజుకు 1800 మి.లీ. మూత్రం వస్తుందనుకుంటే ఐదు విడతలకు 360 చొప్పున. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. ఈ వేళలు వేదవాక్యం కావు. పుస్తకంలో మధ్యాహ్నం 2 గంటలకు రోజూ 550 కనిపిస్తోందంటే, పదకొండింటికి తాగిన కొబ్బరి నీళ్లూ కాఫీ అక్కడ తేలుతున్నాయన్నమాట. ఆ విడతను ఒంటిగంటకు జరపాలి. కొంత మూత్రం దానంతట అదే వచ్చేవారిలో, లోపల మిగిలేది తగ్గుతూ పోతే డాక్టరు విడతలు తగ్గిస్తారు. అది ఆయన నిర్ణయం.

విడతలు తగ్గించుకోవడానికి నీళ్లు మానేయడం చాలామంది చేసే పని. పుదుచ్చేరి ఎండల్లో, సముద్రపు ఉక్కలో చెమటగా పోయేదే చాలా ఉంటుంది. పైగా నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, మలబద్ధకం వస్తుంది. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి ట్యూబు పనిని కష్టం చేస్తుంది. తాగేది పగటికి సర్ది, పడుకునే రెండు మూడు గంటల ముందు తగ్గించడం మంచిది.

జ్వరం ఎప్పుడు, మందు ఎప్పుడు

ట్యూబు వాడేవారి మూత్రాన్ని పరీక్షకు ఇస్తే క్రిములు దాదాపు ఎప్పుడూ కనబడతాయి. రిపోర్టులో క్రిమి పేరు కనిపించగానే యాంటీబయాటిక్ కొనుక్కోవడం తప్పు. ఏ బాధా లేనప్పుడు సాధారణంగా మందు అక్కర్లేదు. ఊరికే వాడితే, అసలు అవసరం వచ్చిన రోజున ఆ మందు పనిచేయదు. గర్భిణుల విషయం వేరు, వారికి డాక్టరు చెప్పినట్టే చేయాలి. చలి జ్వరం, నడుం పక్కన నొప్పి, కొత్తగా మధ్యమధ్య కారడం, కాళ్లు మామూలు కన్నా ఎక్కువగా బిగుసుకోవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. స్పర్శ లేనివారికి మంట తెలియదు కాబట్టి ఈ గుర్తులే దిక్కు.

ఛాతీ మధ్య భాగానికి పైన వెన్ను దెబ్బతిన్నవారి ఇంట్లో అందరికీ తెలిసి ఉండవలసిన ప్రమాదం ఒకటుంది. మూత్రాశయం నిండిపోయినప్పుడు వారికి ఒక్కసారిగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తాయి. రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుంది. దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. పడుకోబెట్టవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, వెంటనే ట్యూబుతో మూత్రం తీయాలి. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి పరుగే.

ఇంటి సంగతి, దారి సంగతి

ఉప్పళంలోని ఆ ఇంట్లో బాత్‌రూమ్ ఒకటే, అది కూడా కింద కూర్చునేది అనుకోండి. అబ్బాయి మంచం మీదే పని కానిచ్చుకోవచ్చు. దిండ్లకు ఆనుకుని, కింద ప్లాస్టిక్ షీటు పరుచుకుని, మగ్గులోకి తీసుకుంటే సరిపోతుంది. కావలసింది గడియ పెట్టుకునే తలుపు, లేకపోతే ఒక తెర. చేతులు పనిచేసే మనిషి పనిని అమ్మో, అన్నో ఎన్నాళ్లు చేసిపెట్టినా చివరికి అతనికే ఇబ్బంది. వాళ్లు ఊరెళ్లిన రోజున వేళ తప్పుతుంది. ఇంట్లోవారు పద్ధతి నేర్చుకుని ఉండాలి, కానీ ట్యూబు అతని చేతిలోనే ఉండాలి. పిల్లలు కూడా ఎదిగేకొద్దీ తమంత తాము చేసుకోగలుగుతారు.

కాకినాడ మీదుగా యానాం తిరిగి వెళ్లాలంటే ఒక రాత్రి రైల్లో గడవాలి. ఆ ప్రయాణానికి విడతలు లెక్కపెట్టి, వాటికి రెండు అదనంగా ట్యూబులు, చిన్న జెల్లీ, శానిటైజర్, మూత గట్టిగా పడే వెడల్పు మూతి సీసా ఒక సంచిలో సర్దుకోవాలి. పై బెర్తు కాకుండా కింది బెర్తు, ఒక దుప్పటి ఉంటే కూర్చున్న చోటే పని అవుతుంది. డాక్టరు చీటీ నకలు కూడా ఉంచుకోండి. యానాంలో ట్యూబు నంబరు అడిగేటప్పుడు అది పనికొస్తుంది. అంతా సవ్యంగా సాగుతున్నా ఏడాదికోసారి కిడ్నీల అల్ట్రాసౌండ్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష మానకూడదు. వెళ్లేటప్పుడు నోటు పుస్తకం కూడా తీసుకెళ్లండి.